ఆమెకు తెలియదా, ఆమెకు చెప్పలేదా?

రోగికి తన జబ్బు గురించి ఎంత తెలుసో కొలవడానికి వైద్యశాస్త్రం దగ్గర ఒక పరీక్ష ఉంది. కీళ్లను వాచేలా చేసి క్రమంగా వంకరలు తిప్పే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే జబ్బు కోసం 1991లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జాకీ హిల్ అనే నర్సు, ఆమెతో కలిసి పనిచేసేవాళ్లు దీన్ని తయారుచేశారు. 12 ప్రశ్నలు, 30 మార్కులు. జబ్బు లక్షణాల మీద, రక్తపరీక్షల మీద కొన్ని ప్రశ్నలు. మందుల మీద కొన్ని. వ్యాయామం మీద, కీళ్ల మీద బరువు పడకుండా పనులు చేసుకునే పద్ధతుల మీద మరికొన్ని. ప్రశ్న కింద ఇచ్చిన జవాబుల్లో సరైనవాటిని గుర్తించాలి. తరువాతి కాలంలో దీన్ని అనేక దేశాల్లో వాడారు, ఇలాంటివే కొత్తవీ తయారుచేశారు.

ఈ పరీక్షను జగిత్యాలలోనో, నిర్మల్‌లోనో, ఉట్నూరులోనో కీళ్లు వాచిన ఒక బీడీ కార్మికురాలి ముందు పెడితే ఏమవుతుంది? మార్కులు రావు. “గ్రామీణ మహిళల్లో అవగాహనా లోపం” అనే వాక్యం ఒక నివేదికలో చేరుతుంది. దాని మీద ఒక అవగాహనా సదస్సు జరుగుతుంది. బ్యానర్ కడతారు, ఫోటోలు దిగుతారు. ఆమెకు చెప్పవలసిన వాళ్లెవరు, చెప్పారా, ఏ భాషలో చెప్పారు, ఆమెకే చెప్పారా లేక ఆమె మొగుడికి చెప్పి పంపారా అన్న ప్రశ్నలకు మాత్రం ఆ నివేదికలో చోటుండదు.

రోగికి తెలిసినదాన్ని కొలవడం అనవసరమని నేను అనను. చాలా అవసరం. అయితే ఆ మార్కులు ఎవరి ఖాతాలో వేయాలన్నదే నా ప్రశ్న. పరీక్ష రాసేది ఆమె అయినా పాసో ఫెయిలో కావలసింది ఆమెకు చెప్పవలసిన వైద్య వ్యవస్థ.

జబ్బు ఎవరిది, చేతులు ఎవరివి

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. మన ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దారి తప్పి కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. వయసు మీద పడ్డాక మోకాళ్లు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఎక్కువగా నడివయసులో, చాలాసార్లు ముప్ఫైల్లోనే మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల్లోనూ వేళ్ల మొదటి కణుపులు, నడిమి కణుపులు, మణికట్లు వాస్తాయి. పొద్దున లేవగానే గంటసేపో ఇంకా ఎక్కువసేపో పిడికిలి మూయరాదు. నీరసం, సన్న జ్వరం, రక్తహీనత తోడవుతాయి. మొదలైన కొద్ది నెలల్లోనే సరైన మందు పడితే చాలామంది చేతులు నిలబడతాయి. ఆలస్యమైతే మొదటి రెండేళ్లలోనే ఎముక కొరుక్కుపోవడం మొదలవుతుంది. అట్లా పోయిన కీలు మళ్లీ రాదు.

ఢిల్లీ దగ్గరి బల్లభ్‌గఢ్ గ్రామాల్లో మాలవీయ, ఆయన సహచరులు చేసిన సర్వే 1993లో అచ్చయింది. వెయ్యి మంది పెద్దవాళ్లలో ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉన్నట్టు అందులో తేలింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనం 65 లక్షలు. అదే నిష్పత్తి ఇక్కడా ఉందనుకుంటే రెండు జిల్లాల్లో కలిపి ముప్ఫై వేల మందిదాకా తేలతారు. ఇది కాగితం మీద వేసిన గుణకారమే. ఇందులో సగమే అనుకున్నా, అది పదిహేను వేల మంది, వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. బీపీకి, షుగరుకు ఇంటింటి సర్వే ఉంది, రిజిస్టరు ఉంది. వీళ్ల పేర్లు రాసుకునే రిజిస్టరు ఏ సబ్‌సెంటర్‌లోనూ లేదు.

ఇక ఆ చేతులు చేసే పనులు చూడండి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో వేలాది ఇళ్లల్లో ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించడం, తంబాకు పోసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. ఈ జబ్బు ముందుగా పట్టుకునేది సరిగ్గా ఆ వేళ్లనే, ఆ మణికట్టునే. ఆదిలాబాద్ వైపు పత్తి ఏరాలి, జొన్నరొట్టె చరచాలి, కల్లంలో పని చేయాలి. కరీంనగర్ వైపు నాట్లు వేయాలి. మగవాళ్లు దుబాయికో మస్కట్‌కో వెళ్లిన ఇళ్లల్లో పొలమూ, పశువులూ, అత్తమామల సేవా అన్నీ ఈ రెండు చేతుల మీదే. బీడీకి కూలి వెయ్యికి ఇంత అని లెక్క. పొద్దున రెండు గంటలు వేళ్లు కదలకపోతే ఆ రోజు వెయ్యి కావు. అయినవాటిలోనూ బాగా లేవని తీసి పారేసేవి పెరుగుతాయి. వైద్య పుస్తకం “ఉదయపు బిగుతు” అనేదాన్ని ఆమె బీడీల లెక్కలో చూస్తుంది.

మొదటి ప్రశ్నకే ఆగిపోతాం

ఏ ప్రశ్నాపత్రమైనా జబ్బు పేరుతోనే మొదలవుతుంది. మన దగ్గర ఆ పేరు దగ్గరే చిక్కు. ఊళ్లో వాతం అంటారు, కీళ్లవాతం అంటారు. కాన్పు తర్వాత వస్తే బాలింత వాతం. ఉర్దూ మాట్లాడేవాళ్లకు గఠియా, మరాఠీ వాళ్లకు సంధివాతం. 2006లో చికున్‌గున్యా రాష్ట్రమంతా పాకి నెలల తరబడి జనాన్ని మంచాన పడేసిన తర్వాత, వాచిన కీళ్లన్నీ “చికున్‌గున్యా నొప్పులు” అయిపోయాయి. ఉట్నూరు, ఆసిఫాబాద్, జైనూరు వైపు గోండి, కొలామి, లంబాడీ ఇంటి భాషలు. అక్కడ దవాఖానాలో తెలుగులో అడిగిన ప్రశ్న కూడా పరాయి భాషలో అడిగినట్టే. 2011 లెక్కల ప్రకారం ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లోనూ స్త్రీల అక్షరాస్యత సగానికి కాస్తే పైన. టిక్కు పెట్టమని కాగితం చేతికిస్తే మనం కొలిచేది చదువునా, జబ్బు గురించిన తెలివిడినా?

నోటితో అడిగినా కష్టం తీరదు. తెల్ల కోటు వేసుకున్న మనిషి అడిగితే మన ఆడవాళ్ల నోట మొదట వచ్చే మాట “నాకేం తెలుసు సారూ, మీరే చెప్పాలె” అన్నదే. దాన్ని తెలియనితనం అనుకుని సున్నా వేసుకుంటే పొరపాటు. తెలిసిందని చెబితే “నువ్వు డాక్టరువా, నేను డాక్టర్నా” అని గద్దిస్తారని అనుభవం మీద నేర్చుకున్న మర్యాద అది. పక్కన అత్తో మొగుడో ఉంటే ఆ మాట కూడా రాదు, జవాబు వాళ్లే చెబుతారు. నన్నడిగితే ఆ పత్రంలో మొదటి ప్రశ్న ఇలా ఉండాలి: మందుల చీటీ ఎవరి జేబులో ఉంది? చాలాసార్లు చీటీ, పరీక్షల ఫైలు, డాక్టరు చెప్పిన మాట మూడూ ఆయన దగ్గరే ఉంటాయి. ఆమె దగ్గర ఉండేది నొప్పి ఒక్కటే.

పెళ్లి కావలసిన పిల్ల అయితే జబ్బు పేరు ఆమెకే చెప్పరు. బయటికి పొక్కితే సంబంధాలు రావని తల్లిదండ్రుల భయం. “బలానికి గోలీలు” అని ఇస్తారు. ఆ గోలీలు వేసుకుంటూ గర్భం దాల్చకూడదన్న సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి?

అనుభవం చెప్పలేనిది

ఇక్కడ మన వాళ్లలోనే ఒక వాదన ఉంది. పాశ్చాత్య వైద్యం తయారుచేసిన కొలతలు మనకెందుకు, స్త్రీల అనుభవమే అసలైన జ్ఞానం కదా అని. అనుభవం పట్ల నాకు గౌరవం ఉంది, దాని గురించి కింద చెబుతాను. కానీ మెథోట్రెక్సేట్ విషయంలో అనుభవం మనల్ని కాపాడదు.

ఈ జబ్బుకు ప్రపంచమంతా ముందుగా రాసే మందు అదే. 1940ల చివర అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో క్యాన్సరు కోసం తయారైంది. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని కీళ్ల జబ్బుకు తక్కువ మోతాదులో అనుమతించింది. చవకైన మందు. సరిగా వాడితే చేతులు నిలబెట్టే మందు. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. నొప్పి ఎక్కువైందని రోజూ వేసుకుంటే ఎముకల మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పూస్తుంది, జ్వరం వస్తుంది, ప్రాణం పోవచ్చు. ఇలాంటి మరణాలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. దీనితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ గోలీ వేరే రోజు వేసుకోమంటారు. రెండు గోలీలూ చిన్నవే. మెథోట్రెక్సేట్‌ను అమ్మే కొన్ని బ్రాండ్ల పేర్లు ఫోలిక్ యాసిడ్ పేరునే తలపిస్తాయి. అట్ట మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగువాడు నడిపించిన పరిశోధనలో పుట్టిన మందు మీద తెలుగు అక్షరం లేదు!

గోలీ అంటే పూటకొకటి అని అందరికీ అలవాటు. వారానికొకటి అన్నది ఆ అలవాటుకు విరుద్ధం. కాబట్టి ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు. ఆమె వారాన్ని ఎట్లా లెక్కపెట్టుకుంటుందో తెలుసుకుని దానికి ముడిపెట్టాలి. “బేస్తవారం బేస్తవారం” అనో, ఊరి అంగడి నాడు అనో చెబితే మరిచిపోదు. ఈ మందు వాడుతూ గర్భం దాల్చకూడదు, పిల్లలు కావాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పి మానాలి. జ్వరమొచ్చినా, నోరు పూసినా మందు ఆపి దవాఖానాకు రావాలి. కాలేయానికి, రక్తానికి పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఇవి తెలియకపోతే ఆమె తప్పేమీ లేకుండానే ఆమె ప్రాణానికి ముప్పు.

రెండోది స్టెరాయిడ్. ఊళ్లో ఆరెంపీ ఇచ్చే సూదిలోనో, పేరులేని పొట్లంలోనో అది ఉంటే రెండు రోజుల్లో నొప్పి మాయమవుతుంది. “చెయ్యి మంచిది” అని ఆయనకు పేరొస్తుంది. నెలల తరబడి వాడితే మొహం ఉబ్బుతుంది, ఒళ్లు చేసిందని చూసినవాళ్లు సంతోషిస్తారు. లోపల షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి, నిద్రపోతున్న క్షయ లేస్తుంది. చాలా రోజులు వాడి ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే. డాక్టరు చేతిలో, తక్కువ మోతాదులో, తక్కువ కాలానికి అది పనికొచ్చే మందే. తాను తింటున్నది ఆ మందేనని తెలియకుండా తినడమే ఘోరం. నేను ఆరెంపీని మాత్రమే తప్పుపట్టను. పది కిలోమీటర్ల లోపు పలికే మనిషి ఆయన ఒక్కడే. “ఏం వదినా, ఎట్లున్నయ్ కాళ్లు” అని అడిగేదీ ఆయనే. ఈ జబ్బు తెలిసిన నిపుణుల కోసం ఆదిలాబాద్ మనిషి హైదరాబాద్‌లోని నిమ్స్‌ దాకా మూడు వందల కిలోమీటర్లు రావలసిన పరిస్థితిని ఏళ్ల తరబడి ఉంచి, ఆరెంపీని తిట్టడం సులువు.

30 మార్కుల సగటులో ఉన్న మోసం ఇక్కడే బయటపడుతుంది. ఒకామెకు వ్యాయామం, రక్తపరీక్షలు, కీళ్ల రక్షణ అన్నీ తెలిసి 26 మార్కులు వచ్చాయనుకోండి. మెథోట్రెక్సేట్ వారానికొకసారి అన్నది మాత్రం తెలియదు. ఇంకొకామెకు 8 మార్కులే వచ్చాయి, కానీ ఆ ఒక్కటి తెలుసు. ఎవరు క్షేమంగా ఉన్నట్టు? ప్రాణం మీదికి తెచ్చే ప్రశ్నలను మిగతావాటితో కలిపి కూడకూడదు. వాటిని విడిగా, ఒక్కొక్కటిగా చూడాలి. ఒక్కటి తప్పినా ఆమెను ఇంటికి పంపకముందే మళ్లీ చెప్పాలి.

తెలిసీ చేయలేనిది

ప్రశ్నాపత్రంలో కీళ్లను కాపాడుకోవడం గురించిన భాగం ఉంది. బరువు వేళ్లతో ఎత్తకూడదు, ముంజేతుల మీద మోయాలి. పని మధ్యలో ఆగి విశ్రాంతి తీసుకోవాలి. వేళ్లు ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉంచకూడదు. ఇవన్నీ సరైన జవాబులే. మన బీడీ కార్మికురాలిని అడిగితే, పాఠం చెప్పకముందే ఇందులో సగం ఆమే చెబుతుంది. తడి చీర పిండితే మణికట్టు సలుపుతుందని, బిందె చెవి పట్టి ఎత్తితే వేళ్లు గుంజుతాయని ఆమెకు తెలియదా? “పండుకోవాలె అంటే పండుకుంటా, మరి వండేదెవరు?” అన్నది ఆమె ప్రశ్న. దీనికి జవాబు ఆ పత్రంలో లేదు.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ 1970ల చివర్లో కీళ్ల జబ్బులవాళ్ల కోసం స్వీయ నిర్వహణ తరగతులు మొదలుపెట్టింది. తరగతులకు వచ్చినవాళ్లకు నొప్పి తగ్గింది. ఎందుకు తగ్గిందో చూడబోతే, వ్యాయామంలాంటి అలవాట్లు ఎంత మారాయన్నదానితో దానికి పెద్దగా పొంతన కుదరలేదని 1989లో ఆమె బృందం రాసింది. పొంతన కుదిరింది మరోదానితో: జబ్బును నేను కొంతైనా అదుపులో పెట్టుకోగలనన్న నమ్మకంతో. ఆ నమ్మకాన్ని కొలిచే పద్ధతినీ వాళ్లు అదే ఏడాది తయారుచేశారు. మనకు ఇందులో నేర్చుకోవలసింది ఉంది. అయితే ఆ నమ్మకం ఒక మనిషి మనసులో తనంతట తాను మొలకెత్తేది కాదు. ఇంట్లో బిందె ఇంకొకరు ఎత్తితే, కూలి పోకుండా గంట ఆగగలిగితే, దవాఖానాకు పోవడానికి బస్సు ఖర్చు ఆమె చేతిలో ఉంటే అది వస్తుంది. ఇంటిచాకిరీని కదిలించకుండా “అవగాహన” పెంచితే ఆమెకు అదనంగా మిగిలేది అపరాధభావం. చెప్పింది చేయలేదన్న నింద ఒకటి నొప్పికి తోడవుతుంది.

ఆమెకు తెలిసి, డాక్టరు అడగనిది

రోగికి డాక్టరు చెప్పిన పాఠం ఎంత వచ్చిందన్నదే ఈ పరీక్షలు అడుగుతాయి. డాక్టరుకు రోగి చెప్పవలసినది ఒకటుందని వాటికి తోచదు. ఈ జబ్బు చరిత్రే దానికి జవాబు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్, కామెర్లు వచ్చినప్పుడూ గర్భంతో ఉన్నప్పుడూ కొందరు రోగులకు కీళ్లు వాటంతటవే తేలికపడటం గమనించాడు. గర్భిణుల గురించి 1938లో రాశాడు. ఒంట్లోనే ఏదో పదార్థం ఈ మేలు చేస్తున్నదన్న ఊహతో వెతుకుతూ పోయి, 1948లో 29 ఏళ్ల ఒక స్త్రీకి తొలిసారి కార్టిసోన్ ఇచ్చారు. 1950లో హెంచ్‌తోపాటు మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ మన ఊళ్లో పేరు చెప్పకుండా పొడుస్తున్న స్టెరాయిడ్ సూదికి మూలం ఆడవాళ్లు తమ గర్భం గురించి చెప్పుకున్న మాటల్లోనూ ఉందన్నమాట!

“కడుపుతో ఉన్నన్ని దినాలు మంచిగుండె, కాన్పు అయినంక లేవరాలె” అని మన పల్లెల్లో ఆడవాళ్లు చెబితే, బాలింతకు చలువ చేసిందని పెద్దలు, అపోహ అని డాక్టర్లు కొట్టిపారేస్తారు. చలువ సంగతి తప్పే కావచ్చు. కాన్పు తర్వాత నెలల్లో ఈ జబ్బు మొదలవడం, ముదరడం ఎక్కువన్నది మాత్రం వైద్యశాస్త్రం ఒప్పుకున్న నిజం. బాలింత వాతం అన్న పేరు అజ్ఞానం కిందికి రాదు. ఆ మాట వినగానే చేతుల కణుపులు నొక్కి చూసే డాక్టరు ఉంటే ఎన్ని జతల చేతులు మిగిలేవి!

చెప్పకపోవడం మనకు కొత్తకాదు

ఈ పత్రిక చదివేవాళ్లకు 1985 నాటి పటాన్‌చెరు గుర్తుండే ఉంటుంది. నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్ల మీద ప్రయోగించబోయారు, అది ప్రయోగమన్న సంగతి వాళ్లకు సరిగా చెప్పలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తదితర స్త్రీల సంఘాలు సుప్రీం కోర్టుకు వెళ్లాయి. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో హాస్టళ్లలో చదివే గిరిజన పిల్లలున్నారు. తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపారు, 2013లో పార్లమెంటరీ కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీం కోర్టు, రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే అసలైన అంగీకారమని తీర్పు చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మొట్టమొదటి హక్కు సమాచార హక్కు. రోగికి తెలిసిన భాషలో, ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాలని అందులో ఉంది.

కీళ్ల జబ్బు విషయంలో ఎవరూ ప్రయోగాలు చేయడం లేదు. మందు మంచిదే, రాసిన డాక్టరూ చెడ్డవాడు కాకపోవచ్చు. అయినా చెప్పకుండా మందు మింగించడం అదే వరసలోది. చెప్పడం దయ అనీ, వినడం అదృష్టమనీ అనుకున్నంత కాలం ఇది మారదు.

డాక్టర్ల వైపు నుంచి రెండు మాటలు వినిపిస్తాయి. ఓపీలో పొద్దుటి పూట వంద మందిని చూడాలి, చెప్పే తీరిక ఏదీ? న్యాయమైన మాటే. కానీ లీడ్స్‌లో ఆ పరీక్ష తయారుచేసింది నర్సు. మన దగ్గర కూడా హెచ్‌ఐవీకి కౌన్సెలర్లను పెట్టారు, క్షయకు ఇంటికి వచ్చి గోలీ మింగించే ఏర్పాటు చేశారు. అంటువ్యాధికి కుదిరినది ఆడవాళ్ల చేతులకు ఎందుకు కుదరదు? రెండోది, అన్నీ చెబితే భయపడి మందు మానేస్తారన్నది. చెప్పకపోయినా మానేస్తున్నారు కదా. మెథోట్రెక్సేట్ పనిచేయడానికి వారాలు పడుతుందని ముందే చెప్పకపోతే, పది రోజులకే “ఈ మందు పడలే” అని ఆరెంపీ సూది దగ్గరికి పోతారు. భయం తెలియనిచోటే ఎక్కువ.

మనకు కావలసిన కొలత

కాబట్టి కొలుద్దాం. కానీ మన కొలత ఇట్లా ఉండాలి. ప్రతి ప్రశ్నకూ రెండు గడులుండాలి. ఆమెకు తెలుసా అన్నది ఒకటి. ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో చెప్పారన్నది రెండోది. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ సున్నా దవాఖానాది.

ప్రశ్నలు మూడు వరుసలుగా ఉండాలి. మొదటి వరుస ప్రాణానికి సంబంధించినది: జబ్బు పేరు, మందు వేసుకునే రోజు, గర్భం, ఆగి రావలసిన లక్షణాలు, స్టెరాయిడ్. ఇందులో సగటు ఉండదు. రెండో వరుస హక్కులది. ఈ జబ్బుకు ఎక్కువ భాగం చికిత్స ఓపీలోనే జరుగుతుంది, నెలనెలా మందులూ పరీక్షలే ఖర్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లిన పథకం. మరి ఆ నెలవారీ ఖర్చు ఎవరిది? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం వైకల్యం ఉంటేనే పింఛనులాంటివి. సదరం క్యాంపులో మధ్యాహ్నం పన్నెండింటికి చూసే డాక్టరుకు పొద్దున ఆరింటికి మూయరాని పిడికిలి కనపడదు. చేతులు పూర్తిగా వంకరపోయే దాకా ఆమె వికలాంగురాలు కాదు! ఆ కాగితం ఎట్లా వస్తుందో, కాదంటే ఎవరిని అడగాలో ఆమెకు తెలిసి ఉండాలి. మూడో వరుసలో ఆమె చెబుతుంది, డాక్టరు రాసుకుంటాడు. నొప్పి ఎప్పుడు మొదలైంది, కాన్పుకు ముందా తర్వాతా, ఏ పని చేయలేకపోతున్నది, ఇంట్లో ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు.

ఈ పత్రం గోండిలో, లంబాడీలో, మన జిల్లాల తెలుగులో నోటితో అడిగేదిగా ఉండాలి. అడిగేది దవాఖానా మనిషి కాకుండా బీడీ కార్మికుల సంఘం మనిషో, మహిళా సంఘం మనిషో, ఆశా అక్కో అయితే “నాకేం తెలుసు” అన్న మాట తగ్గుతుంది. ఆమె ఒక్కతే ఉన్నప్పుడు అడగాలి.

లీడ్స్‌లో ఆ పరీక్ష వచ్చిన 1991లోనే హైదరాబాదులో స్త్రీల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం వచ్చింది. అక్కడ రోగికి ప్రశ్నలు వేశారు. ఇక్కడ స్త్రీలు తమ ప్రశ్నలతో పుస్తకమే వేశారు. జబ్బు గురించి ఒక స్త్రీకి ఎంత తెలుసో చెప్పే గుర్తు ఆమె ఇచ్చే జవాబుల్లోకంటే ఆమె అడగగలిగిన ప్రశ్నల్లోనే ఎక్కువగా ఉంటుందని నా అభిప్రాయం. “ఈ గోలీ పేరేంది సారూ? ఏ దినం వేసుకోవాలె? పిల్లలు కావాలంటే ఎప్పుడు బంద్ చేయాలె?” ఈ మూడు ప్రశ్నలు ఎదురుగా కూర్చుని అడిగే స్త్రీ, అడిగినందుకు విసుక్కోకుండా ఆమె భాషలో జవాబు చెప్పే దవాఖానా, ఈ రెండూ మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఆ లెక్క మన సంఘాలు ఈ ఏడే మొదలుపెట్టవచ్చు. బీడీలు చుట్టే ఒక్క వాడతో మొదలుపెట్టినా చాలు.